వెయ్యి దాటిన కబుర్లు

సరిగ్గా ఆరు గంటలకి తూర్పు కాలువ పొడవునా ఇళ్ళ గోడలు మాట్లాడటం మొదలుపెట్టాయి.

మాట్లాడేది గోడ కాదు, గోడకి బిగించిన పలుకుబిళ్ళ. అరచేయంత రాగిబిళ్ళ, ఇంటికొకటి. ఈ రోజు ఏ ఊరికి నీటి వంతు, ఏ తూము ఎన్నింటికి తెరుచుకుంటుంది, ఎన్నింటికి మూసుకుంటుంది, అన్నీ అదే చెబుతుంది. కాఫీ నీళ్ళు పొయ్యి మీద పెట్టి వినేవాళ్ళు కొందరు, దుప్పటి ముసుగులోంచి వినేవాళ్ళు కొందరు. పూర్వం కాలువ నీళ్ళ కోసం తలకాయలు పగిలేవట. గొడ్డళ్ళు, కేసులు, వాయిదాలు. ఇప్పుడు పోట్లాడదామన్నా ఎదురుగా మనిషి లేడు. రాగిబిళ్ళతో ఎవరు తగాదా పెట్టుకుంటారు?

పెద్ద లాకుల దగ్గరున్న కాలువల గణనశాలలో కూర్చుని దీవెన కూడా ఆ మాటలే వింటోంది. వాటి వెనకున్న లెక్కలో సగం ఆమె రాసిందే. అయినా సొంత ఊరి పేరు వచ్చేసరికి చెవి దానంతటదే అటు పోతుంది.

"ఉప్పులమెరక. దాహం లేదు. ఈ వారం వంతు లేదు."

ఈ ఏడు కాలువ వదిలాక వరసగా ఇది ఐదో వారం. దీవెనకి కాస్త ఆశ్చర్యంగానే ఉంది గాని, అనుమానం మాత్రం లేదు. అనుమానించడానికి అక్కడ మనుషులుంటే కదా! పొలానికొకటి చొప్పున పాతిన దప్పికర్ర వేళ్ళ దగ్గర తడి కొలుస్తుంది. నేల బొత్తిగా ఎండితే నూరు, తడిసి ముద్దయితే సున్న. పొద్దున్న అయిదింటికి కాలువ మీది కర్రలన్నీ ఒక్కసారిగా తమ అంకె చెబుతాయి. ఒక కర్ర చెప్పింది పక్క స్తంభం అందుకుని పైస్తంభానికి అందిస్తుంది. అలా చేయి మారుతూ కబుర్లన్నీ గణనశాలకి చేరతాయి. అక్కడ గణితాంగణమనే లెక్కల యంత్రం వాటిని పట్టికలో పోసి, లెక్క కట్టి, గంటలో తీర్పు చెబుతుంది. అంతా అంకెలే. అంకెకి చుట్టం లేదు, పక్కం లేదు.

ఆరున్నరకి ఫోను మోగింది. మేనమామ ఏసుపాదం.

"ఏమ్మా దీవెనా, టీ తాగావా?"

"తాగాను మావయ్యా. నువ్వో?"

"నా టీకేం గాని, మీ బిళ్ళ మళ్ళీ అదే కూత కూసింది. నారుమడి నెర్రెలిచ్చింది. నా కాలి బొటనేలు ఎల్లిపోతంది నెర్రెలోకి. దానికి దాహం లేదంట!"

దీవెనకి విసుగొచ్చింది. ఈ మాట ఆయన అనడం ఇది ఎన్నోసారో ఆమెకే గుర్తులేదు. "పైన ఎండినట్టు కనిపిస్తుంది మావయ్యా. వేరు దగ్గర తడి ఉండి ఉంటుంది. కర్ర అబద్ధం చెప్పదు."

"సెప్పదు. ఒప్పుకున్నా. అది సెప్పింది నువ్వు విన్నావా మరి?"

"అంటే?"

"అంటే ఏంటే? నేను లస్కరుగా ఉన్నప్పుడు ఫలానా సేను ఎండిందని ఎవుడన్నా సెప్తే సైకిలేసుకెళ్ళి సూసొచ్చేవోణ్ణి. నువ్వు కర్ర సెప్పింది వింటన్నావా, కర్ర ఇలా సెప్పిందని ఎవురో సెప్తే వింటన్నావా?"

ఆమె ఏదో అనబోయింది. ఆయన ఆగలేదు.

"రేపు సాయంత్రం ఊరంతా సావిట్లో కూచుంటంది. ఆ రొయ్యల సెరువులోళ్ళు మళ్ళీ వచ్చారు. కరకట్టకి గండికొట్టి సముద్రం నీళ్ళు పెట్టుకుందాం, వరి మనకి అచ్చిరాదంటన్నారు. రెండేళ్ళబట్టీ నీ మాట సెప్పి ఆపుకొస్తన్నా. ఇంక నా దగ్గిర మాటల్లేవు. ఈలోగా ఏదో ఒకటి సెప్పమ్మా. అయితే అవుద్దని, కాకపోతే కాదని."

"చూసి చెప్తాలే మావయ్యా," అని దీవెన ఫోను పెట్టేసింది.

ఉప్పులమెరక తూర్పు కాలువకి చిట్టచివరి ఊరు. తాతల నాటికీ ఇప్పటికీ సముద్రం నాలుగు మైళ్ళు ముందుకి జరిగింది. ఊరికీ సముద్రానికీ మధ్య మిగిలింది కరకట్ట ఒక్కటే. పైనుంచి మంచినీళ్ళు తగులుతూ ఉంటే ఉప్పు కిందనే అణిగి ఉంటుంది. తగలకపోతే పైకి పొంగుతుంది. రెండేళ్ళుగా అక్కడ పైరు చేతికి రాలేదు. అది నీటి లోటు కాదు, ఉప్పు దోషమని గణనశాల పెద్ద భానుమూర్తి మాస్టారు నివేదిక రాశారు. దీవెన నమ్మింది. ఈ మూడో ఏడు కూడా నాట్లు పడకపోతే నేల చౌడుబారిపోతుంది. ఆ తర్వాత ఎన్ని నీళ్ళు పోసినా అది వరి పండే నేల కాదు.

ఏసుపాదం ఆ కాలువకి ఆఖరి లస్కరు, తూములు తిప్పి నీళ్ళు పంచేవాడు. ముప్ఫై ఆరేళ్ళు భుజాన పార వేసుకుని గట్టు మీద తిరిగినవాడు. ఆయన పద్ధతి ఆయనకుండేది. తెల్లారకముందే సైకిలు మీద చిట్టచివరి చేను దాకా వెళ్ళిపోయి, అక్కడి నుంచి చేలు చూసుకుంటూ ఎగువకి వచ్చేవాడు. "పైనోడు ఎటూ కాలవ పక్కనే ఉన్నాడు, ఆడి గోల నాకు ఎలాగూ ఇనపడతది. సివరోడి మాట ముందు ఇనాల," అనేవాడు. ఎగువ రైతులు ఆయన్ని తిట్టని తిట్టు లేదు. ఆయన మాత్రం తన దారి మార్చుకోలేదు.

మూడేళ్ళ క్రితం స్వయంతూములు వచ్చాయి. అన్ని ఊళ్ళూ పాత తూముల తాళాలు గణనశాలకి అప్పగించాయి, ఒక్క ఉప్పులమెరక తప్ప. ఏసుపాదం ఇవ్వనన్నాడు. అప్పుడే గణనశాలలో కొత్తగా చేరిన దీవెన ఊరికి వచ్చి సావిట్లో నిలబడి, "లెక్క నేను చూసుకుంటాను మావయ్యా, నా మీద నమ్మకం లేదా?" అంది. మేనకోడలు నలుగురిలో నిలబడి అలా అడిగితే మేనమామ ఏమంటాడు? మొలతాడుకి కట్టుకున్న తాళాల గుత్తి విప్పి ఇచ్చేశాడు. భానుమూర్తి మాస్టారు స్వయంగా వచ్చి ఆయనకి శాలువా కప్పారు.

మావయ్య ఫోను వచ్చిన ఆ రోజు పనిలో దీవెనకి మనసు నిలవలేదు. నువ్వు విన్నావా అన్న ప్రశ్న చెప్పులో రాయిలా ఆమెని పొడుస్తూనే ఉంది. నిజమే, తను ఎప్పుడూ వినలేదు. పట్టికలో చేరిన అంకెల్నే చూసింది.

వినడం కష్టమేం కాదు. కర్రలకీ అంగణానికీ మధ్య కబుర్లు నడిపేది కబురుకట్ట. ఎవరో ఎప్పుడో ఎక్కడో రాసి, కావలసినవాళ్ళు వాడుకోండని లోకానికి వదిలేసిన సూత్రాల కట్ట అది. అంగణంలో రెండు వాక్యాలు రాస్తే చాలు, కట్ట వచ్చి చేతికింద పనివాడిలా నిలబడుతుంది. దాని ధర్మం చాలా సులువు. చెప్పేవాడు చెప్పుకుంటూ పోతాడు. ఎవరు వింటున్నారో, అసలు వింటున్నారో లేదో వాడికి పట్టదు. కొత్తగా ఇంకో చెవి వచ్చి ఆనుకున్నా వాడికి తెలియదు. దీవెన సాయంత్రం కూర్చుని తన సొంత యంత్రంలో అలాంటి చెవి ఒకటి తయారుచేసింది. అది లెక్కలేవీ కట్టదు. వచ్చింది వచ్చినట్టు రాసి పెడుతుంది, అంతే.

మర్నాడు పొద్దున్న అయిదింటికి కర్రలు మాట్లాడాయి. ఎగువవి ముందు, దిగువవి వెనక. మొత్తం వెయ్యీ డెబ్బై. చిట్టచివర, ఎన్నో స్తంభాల చేతులు మారి, ఉప్పులమెరక కర్రలు అరవై ఒకటీ వచ్చాయి.

తొంభై నాలుగు. తొంభై ఏడు. నూరు. నూరు. నూరు. తొంభై తొమ్మిది.

దీవెన చేతిలో టీ చల్లారిపోయింది. ఆ పొద్దున అంగణం నింపిన పట్టిక తెరిచి చూసింది. ఉప్పులమెరక వరసలో సున్నలు. పై నుంచి కింద దాకా అరవై ఒక్క సున్న.

మాట బయలుదేరింది, చేరలేదు. దారిలో ఎక్కడ పోయిందో వెతకడానికి ఆమెకి పావుగంట పట్టింది. కబురుకట్టకి ఒక వరసహద్దు ఉంది. వినేవాడు వేరే పనిలో ఉంటే వచ్చిన కబుర్లు వరసలో నిలబడతాయి. వరస వెయ్యికి చేరాక, ఆ పైన వచ్చినవాటిని కట్ట పారేస్తుంది. పారేశానని చెప్పదు. అలారం మోగదు, చిట్టాలో గీత పడదు. అంగణం ఏకసంథాగ్రాహే కావచ్చు గాని, ఒక సమయానికి ఒక్క పనే చేయగలదు. అయిదింటికి అది నిన్నటి లెక్క సర్దుకునే పనిలో ఉంటుంది. ఆ పని ముగించి అది తలుపు తీసేసరికి వెయ్యి మంది లోపల ఉంటారు, డెబ్బై మంది గాలిలో కలిసిపోయి ఉంటారు. ఎవరా డెబ్బై? ఆలస్యంగా వచ్చినవాళ్ళు. ఎవరు ఆలస్యంగా వస్తారు? దూరం నుంచి వచ్చేవాళ్ళు.

అంతవరకూ బాగానే ఉంది, అది యంత్రం తప్పు. మాట అందకపోతే పట్టికలో ఖాళీ ఉండాలి కదా, సున్న ఎలా వచ్చింది?

ఆ జవాబు వెతకక్కర్లేకుండానే ఆమెకి తెలుసు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పొద్దున్న కాలువ మొత్తం ఆగిపోయింది. అంగణంలో ఖాళీ చోటుని 'అంకెకానిది' అంటారు. అది మహా చెడ్డది. కూడికలో ఒక్కటి పడితే మొత్తం కూడికే అంకెకానిది అయిపోతుంది. ఆ రోజు ఏ తూముకీ ఆజ్ఞ వెళ్ళలేదు. మాస్టారు ఆమె కుర్చీ వెనక నిలబడి, "ఖాళీ కనిపిస్తే సున్న వేసెయ్యమ్మా. పని జరగాలి ముందు," అన్నారు. ఆమె ఒక్క వాక్యం రాసింది. కాలువ కదిలింది. మాస్టారు భుజం తట్టి, "చురుకైన పిల్లవి," అన్నారు. ఆ మెప్పుకి ఆమె వారం రోజులు నేల మీద నడవలేదు.

ఎక్కడో ఒక కర్రకి బ్యాటరీ అయిపోయి ఉంటుంది, దాని కోసమే ఈ సున్న అనుకుంది అప్పుడు. సున్న అంటే ఆ కొలతలో దాహం లేదని కదా అన్న ఆలోచన రాలేదు. లెక్క తెలిసినవాళ్ళు మాత్రమే చేయగల తప్పు అది. ఏసుపాదాన్ని అడిగితే, వినపడకపోతే మళ్ళీ అడగాలి గాని, దాహం లేదని రాసుకుంటారా అనేవాడు.

కళ్ళలో నీళ్ళు తిరిగాయి ఆమెకి. కాని ఆ దుఃఖం అడుగున కాస్త సంతోషం కూడా ఉంది. తప్పు దొరికింది. దొరికిన తప్పుని దిద్దుకోవచ్చు. కాగితాలు పట్టుకుని భానుమూర్తి మాస్టారి గదిలోకి పరుగెత్తింది.

ఆయన ఇడ్లీ తింటున్నారు. ఆమె గుక్కతిప్పుకోకుండా చెప్పింది. కర్రల సంగతి, వెయ్యి సంగతి, సున్న సంగతి. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా "అలాగా" అనలేదు. చెంచా పక్కన పెట్టి చెయ్యి తుడుచుకున్నారు.

"వెయ్యి సంగతేనా? కూర్చో."

"మీకు తెలుసా మాస్టారూ?"

"మొదటి ఏడాది ఆషాఢంలోనే తెలిసింది."

దీవెన కూర్చోలేదు. నిలబడ్డానన్న స్పృహ కూడా లేదు ఆమెకి.

"నీళ్ళున్నది మహా అయితే వెయ్యి కర్రలకి," అన్నారాయన, పాఠం చెప్పే గొంతుతో. "అడిగేది వెయ్యీ డెబ్బై. ఎవరో ఒకరికి లేదని చెప్పాలి కదమ్మా. నీకు లేదు పొమ్మంటే మనిషి గొడ్డలి తీస్తాడు. నీకు అవసరం లేదంటే తన నేలనే అనుమానించుకుంటాడు. మూడేళ్ళలో ఈ కాలువ మీద ఒక్క కేసు లేదు, గమనించావా?"

"దానికోసం అబద్ధం చెప్పిస్తారా?"

"నేనేం చెప్పించాను? ఆ వెయ్యి నేను పెట్టింది కాదు, కబురుకట్టతోపాటు వచ్చింది. నేను దాన్ని ముట్టుకోలేదు. సున్న నువ్వు రాశావు." ఆ మాట ఆయన గొంతు పెంచి అనలేదు. ఎత్తిపొడుపు కూడా లేదు. ఉన్న విషయం ఉన్నట్టు అన్నారు, అందుకే అది ఆమెకి మరీ లోతుగా దిగింది.

దీవెన అడిగింది. "నన్నెందుకు తీసుకున్నారు మాస్టారూ ఉద్యోగంలోకి?"

ఆయన కిటికీ వైపు చూశారు. "ఇప్పుడా మాటలెందుకు?"

"చెప్పండి."

"పరీక్షలో నీకంటే పైన ఇద్దరున్నారు. వాళ్ళది కాలువ చివరి ఊరు కాదు. తాళాలివ్వనన్నది మీ ఊరొక్కటే. నువ్వడిగితే ఇస్తారనుకున్నాను. ఇచ్చారు. తర్వాత ఏ ఫిర్యాదు వచ్చినా జవాబు నీ సంతకంతో వెళితే ఊరుకుంటారనుకున్నాను. ఊరుకున్నారు." ఆయన ఆగి, ఓదార్పుగా అన్నారు. "తర్వాత చూస్తే నీకు తెలివి కూడా ఉంది."

ఆ 'కూడా' దగ్గర దీవెనకి మూడేళ్ళూ కళ్ళముందు తిరిగాయి. ఆయన భుజం తట్టడం, పండక్కి ఇంటికి పిలిచి పక్కన కూర్చోబెట్టుకోవడం, "మా దీవెన" అని పైవాళ్ళకి పరిచయం చేయడం. తండ్రి లేని పిల్లకి అవన్నీ ఎంత పెద్దవో ఆయనకి తెలుసో తెలియదో. కంచే చేను మేసిందంటారు. ఇక్కడ కంచెని నేనే, మేసినదాన్నీ నేనే, మేస్తున్నానని నాకే తెలియనివ్వలేదు అనుకుంది. నమ్మి ఊళ్ళో మాట ఇచ్చినందుకు ఆ మాటనే ఊరి మెడకి ఉరితాడు చేశాడు ఈ మనిషి. ఏడుపు రాలేదు. ఒళ్ళంతా అసహ్యం పుట్టింది, ఆయన మీద కొంత, తన మీద కొంత.

"హద్దు తీసేస్తున్నాను," అంది.

"తీసెయ్. నేనడ్డం రాను," అన్నారాయన. "లెక్క ఆలస్యమవుతుంది. ఎగువవాళ్ళు వచ్చి గేటు ముందు కూర్చుంటారు. మీకు లేదని వాళ్ళకి నువ్వు చెప్పుకో. నాకా ధైర్యం లేకపోయింది." మళ్ళీ ఇడ్లీ గిన్నె ముందుకి లాక్కున్నారు.

మధ్యాహ్నానికల్లా దీవెన హద్దు తీసేసింది. సున్న వాక్యం కొట్టేసి, దాని బదులు 'ఈ కర్ర మాట అందలేదు' అని బిళ్ళ చేత చెప్పించే వాక్యం రాసింది. అన్నీ ఒకటికి రెండుసార్లు సరిచూసింది. అప్పటికి నాలుగయింది.

ఫోను తీసింది. మావయ్య పేరు మీద వేలు పెట్టింది.

ఏమని చెప్పాలి? ఐదు వారాలుగా, కాదు, మూడేళ్ళుగా మీరు నిజమే చెప్పారు, నేనే వినలేదు అనా? మీ గొంతు నొక్కిన వాక్యం నా చేత్తోనే రాశాననా? ఉత్త చేతులతో ఆ మాట చెప్పడానికి ఆమెకి నోరు రాలేదు. రేపు ఆరింటికి బిళ్ళే చెబుతుంది. నీళ్ళు కాలువ వెంట వస్తుంటే వాటి పక్కనే నడిచి వెళ్ళి, అప్పుడు చెబితే ఆ చెప్పడంలో కాస్త మర్యాద ఉంటుంది. తిట్టినా నీళ్ళలో నిలబడి తిడతాడు. ఒక్క పూట. సావిట్లో ఈ రాత్రికి మాటలే కదా, ఒక్క పూటలో కొంప మునగదు. అలా సర్దిచెప్పుకుని ఫోను సంచిలో పడేసింది.

మర్నాడు లెక్క ముగిసేసరికి ఆరూ నలభై అయింది. కాలువ మొత్తం నలభై నిమిషాలు గోడల వైపు చూస్తూ కూర్చుంది. తర్వాత బిళ్ళలు పలికాయి. "ఉప్పులమెరక. దాహం తొంభై ఎనిమిది. ఈ రోజు ఏడు గంటల నుంచి రెండు రోజుల వంతు. మళ్ళు సిద్ధం చేసుకోండి."

 దీవెన మావయ్యకి ఫోను చేసింది. మోగింది, తీయలేదు. ఆ సంబరంలో ఫోనెవరు చూస్తారులే అనుకుంది.

కాలువ మీద కరెంటు పడవలు నడుస్తాయి. మొదటి పడవ పట్టుకుని చివరి తూము దగ్గర దిగేసరికి పది దాటింది. తూము ఏడింటికే నోరు తెరిచింది గాని, పైనుంచి నీళ్ళు అక్కడికి అప్పుడే చేరాయి. పిల్లకాలువలో ఎర్రనీళ్ళు నురగ కక్కుతూ, ఎండుటాకుల్ని ముందుకి నెట్టుకుంటూ పోతున్నాయి. ఎండిన మట్టి నీళ్ళు తాగే చప్పుడు పైకి వినిపిస్తోంది. ఎండ్రకాయలు బొరియల్లోంచి గబగబా బయటికి వస్తున్నాయి. నీటి కొస ఎంత వేగంగా నడుస్తుందో ఆమె కూడా అంతే వేగంగా నడిచింది. చెప్పులు చేత పట్టుకుంది. చిన్నప్పుడు మావయ్య వెనకాల ఇదే గట్టు మీద ఇలాగే నడిచేది. చెప్పాల్సిన మాటలు మనసులో పేర్చుకుంది. ముందు తన తప్పు చెప్పాలి, తర్వాతే మాస్టారి తప్పు.

ఊరు ఇంకా అరమైలు ఉందనగా గాలి మారింది. ఉప్పు వాసన.

మలుపు తిరిగేసరికి కరకట్ట కనిపించింది. పది గజాల మేర గండి పడి ఉంది. గండిలోంచి పొద్దుటి పోటుకి వచ్చిన సముద్రపు నీళ్ళు పొలాల మీద పరుచుకుని ఎండకి మెరుస్తున్నాయి. గట్లు మునిగాయి. నారుమళ్ళు మునిగాయి. పచ్చగా మిగిలిన నాలుగు నారు కొసలు కూడా ఉప్పునీళ్ళలో తలలు వాల్చాయి. ఊరి మగాళ్ళు కట్ట మీద గుంపులుగా కూర్చుని ఉన్నారు.  వాళ్ళకి కొంచెం ఎడంగా, మోకాళ్ళ దాకా బురదతో ఏసుపాదం నిలబడి ఉన్నాడు. చేతిలో పార ఉంది.

పిల్లకాలువలోని ఎర్రనీళ్ళు ఊరి మొదటి మడిలోకి దిగి, ఉప్పునీళ్ళని తాకి, కాసేపు విడిగా కనిపించి, ఆ తర్వాత ఏవి ఏవో తెలియకుండా కలిసిపోయాయి.

"మావయ్యా," అంది దీవెన.

ఆయన ఆమెని చూశాడు, పిల్లకాలువని చూశాడు. "వచ్చినియ్యా?" అన్నాడు.

"పొద్దున్న బిళ్ళ చెప్పలేదా?"

"సెప్పుంటది. ఎవురున్నారు ఇళ్ళల్లో? నాలుగింటికే పోటు మొదలైంది. అందరం ఇక్కడే ఉన్నాం." పార వైపు చూసుకున్నాడు. "మొదటి దెబ్బ నేనే ఏశాను. లస్కర్ని కదా, నా సెయ్యి పడితే గాని ఎవురూ ముందుకి రాలేదు."

ఆమె చెప్పింది. నడుస్తూ పేర్చుకున్న మాటలన్నీ చెదిరిపోయాయి, ఎలా వస్తే అలా చెప్పింది. కర్రలు మూడేళ్ళూ నిజమే చెప్పాయని, డెబ్బై మాటలు రోజూ దారిలో పారేశారని, ఆ ఖాళీలో సున్న రాసింది తనేనని, మాస్టారికి మొదటినుంచీ తెలుసని, తనని ఉద్యోగంలోకి తీసుకున్నదే ఈ ఊరి నోరు మూయించడానికని. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. "నన్ను మోసం చేశాడు మావయ్యా. సొంత కూతురిలా చూస్తున్నాడనుకున్నాను."

ఏసుపాదం ఆమె కళ్ళు తుడవలేదు. తిట్టనూ లేదు. అరవై ఎనిమిదేళ్ళ ఆ ముసలాయన ముఖంలో ఏదో లెక్క జరుగుతోంది.

"ఇదంతా నీకెప్పుడు తెలిసింది?"

"నిన్న."

"నిన్నెప్పుడు?"

"పొద్దున్న."

"నిన్న పొద్దున్న," అన్నాడాయన. ఆ రెండు మాటలూ మళ్ళీ ఒకసారి తనలో తను అనుకున్నాడు. "సాయంత్రం సావిట్లో అందరూ లేద్దామంటే లేవనివ్వలేదు నేను. మా దీవెన సూసి సెప్తానంది, ఫోను సేస్తది, ఆగండి అన్నా. ఎనిమిదింటిదాకా ఆపా. నవ్వారు కూడా కొందరు. సేతిలోనే పెట్టుకు కూచున్నా ఫోను."

"నీళ్ళతో వచ్చి చెబుదామనుకున్నాను మావయ్యా. ఉత్త మాటతో..."

"ఉత్త మాటే కదమ్మా మేం అడిగింది." ఆయన పార నేలకి ఆనించాడు. "మూడేళ్ళ కింద నీ ఉత్త మాట మీదే తాళాలిచ్చాం. నిన్న రేత్రి తప్పయిందే, రేపు నీళ్ళొస్తాయి అని నువ్వో మాటంటే ఈ పార ఎత్తేవోణ్ణా? ఆ మేస్టరంటావా, ఆడు పరాయోడు, ఆడి లెక్క కోసం దాశాడు. నువ్వెందుకు దాశావే?"

 సిగ్గుపడి దాశానని దీవెన చెప్పవచ్చు. పరువు కోసం దాశానని కూడా చెప్పవచ్చు. రెండూ నిజాలే. మాస్టారికి కూడా ఇలాంటి నిజాలే ఏవో ఉండి ఉంటాయని అప్పుడు తోచింది ఆమెకి.

కట్ట మీద కూర్చున్నవాళ్ళలో ఒకాయన ఇటు తిరిగి కేకేశాడు. "ఏంటంట ఏసుపాదం? నీళ్ళెందుకొదిలారంట ఇప్పుడు?"

దీవెన నోరు తెరవబోయింది. ఏసుపాదం చెయ్యి అడ్డం పెట్టాడు.

"కర్రలు సెడిపోయినియ్యంట!" అని గట్టిగా జవాబిచ్చాడు. తర్వాత ఆమెకి మాత్రమే వినపడేలా, "ఇంకేం సెప్పమాకు. నీ మాట మీద తాళాలు ఇప్పి ఇచ్చింది నేను. నేనీ ఊళ్ళోనే సావాలి," అన్నాడు.

అబద్ధం ఎరగని మనిషి ఆయన. ఎగువ రైతులు ఎన్ని తిట్టినా, మీ చేను తడిసింది, ఆయన చేను తడవలేదని ముఖం మీదే చెప్పినవాడు. ఆ నోటి వెంట ఆ ముక్క వినడం దీవెనకి చెంపదెబ్బలా తగిలింది. అడిగినాయన సరేనని తలూపి మళ్ళీ నీళ్ళ వైపు తిరిగాడు.

తిరుగు పడవ మూడింటికి. అప్పటికి ఇంకా పన్నెండు కూడా కాలేదు. ఎండ మాడ్చేస్తోంది. మేనమామ ఇల్లు అక్కడికి వంద గజాలు, వంటింటి కప్పు మీద నుంచి పొగ లేస్తోంది. దీవెన చెప్పులు చేత పట్టుకుని నిలబడింది. తిట్టినా సరే, కొట్టినా సరే, అన్నం తినెళ్ళమని ఆయన అంటాడని చూసింది. ఏసుపాదం బురద పారని కాలువ నీళ్ళలో కడుక్కుని, భుజాన వేసుకుని, ఇంటి వైపు నడిచాడు. గుమ్మం దగ్గర ఆగి చెప్పులు విడిచాడు. వెనక్కి చూడకుండా లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నాడు.